డ్రైవరుగారి నోట్లో పుల్ల

ఆ వీధిలో ఆవిడను అందరూ ఆకుల డాక్టరమ్మ అంటారు. ఆవిడ డాక్టరు కాదు. "నేను డాక్టర్ని కాదండీ బాబూ, ల్యాబులో టెక్నీషియన్ని" అని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు. "మీరెప్పుడూ ఇంతేలెండి, గొప్పలు చెప్పుకోరు" అంటూ సంచిలోంచి ఓ ఆకుల కట్ట తీసి చేతిలో పెడతారు. మోకాళ్ల నొప్పికి పనికొస్తుందేమో చూడమని ఒకరు, జుట్టు రాలకుండా ఆపుతుందేమో చూడమని ఇంకొకరు. పక్కింటి పిన్నిగారైతే ఒకసారి గోడ మీదుగా ఏకంగా ఓ కొమ్మే విసిరి, "మా ఆయన గురకకి ఇదేమైనా పనిచేస్తుందేమో కాస్త మీ మిషన్లో పెట్టి చూడమ్మా" అంది. ఆ కొమ్మ వచ్చి ఆరేసిన దుప్పటి మీద పడింది. దాని పాలు కారి దుప్పటికి పడిన మరక ఇప్పటికీ పోలేదు. గురక సంగతి ఎవరికీ తెలియదు.

ఆవిడ పనిచేసే చోట ఆకులుండే మాట నిజమే. ఆకులు, బెరళ్లు, వేళ్లు, కాయల తొక్కలు. వాటిని నీడన ఎండబెట్టి, పొడికొట్టి, ఘాటైన ద్రావకంలో నానబెట్టి, వడగట్టి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేసేస్తే గాజుబుడ్డి అడుగున తారులాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని ఓపిగ్గా గోకి తియ్యాలి. ఆ సంగతి విన్న రోజున అత్తగారు, "ఇంత చదువూ చదివింది మాడిన గిన్నెలు గోకడానికా అమ్మాయ్?" అన్నారు. అన్న తీరు కోడలికి నచ్చలేదు గానీ, అందులో తప్పేముందో కూడా చెప్పలేకపోయింది.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. మన ఒంట్లో ఏ పని జరగాలన్నా దానికో ఎంజైము ఉంటుంది. తిన్న పిండిని చక్కెరగా విరగ్గొట్టేది ఒకటి, మందుల్ని కరిగించి బయటికి పంపేది ఇంకొకటి. కొన్ని జబ్బుల్లో వీటిలో ఏదో ఒకటి మితిమీరి పనిచేస్తుంటుంది. దాన్ని కాస్త అదుపులో పెట్టే పదార్థం ఏ మొక్కలోనైనా ఉందేమో వెతకడమే ఆ ల్యాబు పని. చిన్నచిన్న గుంటలున్న ఓ ప్లాస్టిక్ పళ్లెం తీసుకుని, గుంటకో చుక్క ఎంజైము, ఓ చుక్క మొక్కరసం, ఎంజైము విరగ్గొట్టాల్సిన సరుకు ఓ చుక్క వేస్తారు. ఎంజైము పని కానిచ్చేస్తే గుంట పసుపురంగుకి తిరుగుతుంది. మొక్కరసం దాని చెయ్యి పట్టుకుని ఆపగలిగితే రంగు రాదు. పళ్లెంలో ఒక వరసకి మాత్రం మొక్కరసం వెయ్యరు. మిగతావన్నీ సమానంగా వేసి, ఆ ఒక్కటీ మానేస్తారు. పోల్చి చూసుకోడానికి. ఆవిడ వాటిని సాక్షి గుంటలంటుంది.

ఈ సాక్షి గుంటల పిచ్చి ఆవిడని ఇంటిదాకా వెంబడించింది. పిన్నిగారు గోడ మీద గడ్డం ఆనించి, "ఈ కషాయం తాగాక నా జలుబు వారంలో పోయిందమ్మా" అంటే, "తాగకపోయినా వారంలోనే పోయేది. మీ సాక్షి గుంట ఏది పిన్నిగారూ?" అనేది. పిన్నిగారు ఆ మాటకి నొచ్చుకుని గడ్డం దించుకుని వెళ్లిపోయేది. మర్నాడు ఇంకో ఆకుతో వచ్చేది.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు. కొండదారి బస్సుకి ఏళ్ల తరబడి ఆయనే. ఆ మలుపుల్లో ఆయన స్టీరింగు తిప్పుతుంటే వెనక కూర్చున్నవాళ్ల కునుకు చెదరదని పేరు. ఇంట్లో గ్లాసు పక్కకి జరపడానికి కూడా బద్ధకించే మనిషి, బస్సెక్కాడంటే రాజు. ఆయనకి సిగరెట్ల అలవాటుండేది. పెళ్లినాటి నుంచీ ఆవిడ పోరుతూనే ఉంది, ఆయన "రేపటి నుంచి" అంటూనే ఉన్నాడు. ఏమైందో గానీ ఓ రోజు నిజంగానే మానేశాడు. మానేసిన మనిషికి నోరు ఊరుకోదు కదా. పెన్ను మూతలు కొరికాడు, చొక్కా కాలరు కొరికాడు, చివరికి ఇంట్లో అందరినీ కొరకడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఆవిడకో ఉపాయం తట్టింది. ల్యాబులో అప్పుడప్పుడు సందర్శకుల రోజు పెడతారు. వచ్చినవాళ్లు ఊరికే చూసి పోతే బాగుండదని, రుచి చూడ్డానికి అతిమధురం వేళ్లు తెప్పించి, పుల్లలుగా చీల్చి ఓ పళ్లెంలో పెడతారు. ఆ ల్యాబు మొత్తంలో నోట్లో పెట్టుకోనిచ్చే వస్తువు అదొక్కటే. మిగిలిన పుల్లలు ఆవిడ పొట్లం కట్టుకుని తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"నమలండి. తియ్యగా ఉంటుంది, గొంతుకీ మంచిది. పొగా ఉండదు, కంపూ ఉండదు."

ఆయన నమిలాడు. నచ్చింది. ఆ రోజు నుంచీ డ్రైవరుగారి నోట్లో పుల్ల లేని క్షణం లేదు. పొట్లం ఖాళీ అయితే ఆవిడే ఇంకో పొట్లం తెచ్చేది. సిగరెట్టు మాన్పించిన ఘనత తనదేనని వీధివీధంతా చెప్పుకుంది కూడా. ఆకుల డాక్టరమ్మ అని పిలిచినా ఆ ఒక్క విషయంలో ఆవిడకి కోపం వచ్చేది కాదు.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ తర్వాత కొన్ని నెలలకి డిపోలో ఏటా జరిగే వైద్య పరీక్షలో డ్రైవరుగారి రక్తపోటు చూసి డాక్టరు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇదేంటయ్యా ఇంత ఉంది? పోయినేడు బంగారంలా ఉండేదిగా!" మాత్ర రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు, మళ్లీ రమ్మన్నాడు. మళ్లీ వెళితే ఇంకా పెరిగింది. ఇంకో మాత్ర చేర్చాడు. పాదాలు కూడా వాస్తుండడంతో ఒంట్లో నీరు తీసే మాత్రా ఇచ్చాడు. అంతటితో ఆగక, "ఈ పోటుతో కొండదారిలో బస్సు ఇవ్వలేను" అని సంతకం పెట్టేశాడు.

డ్రైవరుగారిని తీసుకెళ్లి డిపోలో విచారణల కిటికీ వెనక కూర్చోబెట్టారు. మైకు ముందు పెట్టుకుని, ఏ బస్సు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో రోజంతా అరవాలి. తన కొండదారి బస్సు బయల్దేరే వేళ కూడా తనే చెప్పాలి. దాన్ని నడపబోయే కుర్రడ్రైవరు ఆ కిటికీ ముందు నుంచే ఈల వేసుకుంటూ పోతాడు. "వచ్చే పరీక్షలో కూడా తగ్గకపోతే ఇంక కిటికీయే పర్మనెంటు" అని మేనేజరు ముందే చెప్పాడు. ఆ రోజు నుంచీ డ్రైవరుగారికి ముద్ద దిగలేదు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. గొంతుకి మంచిదని పుల్లల జోరు పెంచాడు.

ఇక ఇంట్లో ఆవిడ రంగంలోకి దిగింది.

"మన ఇంట్లో ఏదో ఉంది. అదేంటో నేను పట్టుకుంటాను. ఒక్కోటీ తీసేస్తూ పోతా" అంది, ల్యాబులో చెప్పే గొంతుతో.

ముందు ఉప్పు తీసేసింది. తగ్గించడం కాదు, తీసేయడమే. కూరలో లేదు, గుడ్డు మీద లేదు, దేన్లోనూ లేదు. ఆ తర్వాత కాఫీ తీసేసింది. టీవీలో వార్తలు తీసేసింది. భోజనాల దగ్గర మేనేజరు ప్రస్తావన తీసేసింది. మొగుడికి వేరుగా, అత్తగారికి వేరుగా వండడం కుదరదని అత్తగారిక్కూడా అదే తిండి పెట్టింది. రోజూ పొద్దున్నే బీపీ మిషను తెచ్చి ఇద్దరి చేతులకీ పట్టీ చుట్టేది.

"నాకెందుకే అమ్మాయ్, నాకు బీపీ లేదుగా?" అనేవారు అత్తగారు.

"మీరు సాక్షి గుంట అత్తయ్యా. ఒకే ఇల్లు, ఒకే తిండి. మీకూ ఆయనకీ తేడా చూడాలి."

"నలభై ఏళ్లు కాపురం చేసి, కొడుకుని కని, కోడల్ని తెచ్చుకుని, చివరికి గుంటనయ్యానన్న మాట!"

సాక్షి గుంట బీపీ నిక్షేపంలా ఉంది. ఆ మాటకొస్తే ఉప్పు లేక కాస్త దిగింది కూడా. లేచినప్పుడల్లా అత్తగారికి కళ్లు తిరుగుతున్నాయి. కొడుకు బీపీ మాత్రం ఎక్కిన చెట్టు దిగనంటోంది. పైగా కాళ్ల కండరాలు పట్టేస్తున్నాయి, నాలుగు మెట్లెక్కితే తొడలు లాగేస్తున్నాయి. కోడలికి తిక్క రేగింది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. నేను పనికెళ్లాక ఆయనకి ఉప్పేసి పెడుతున్నారు కదూ?"

"నీ మీదొట్టు. పెట్టలేదు."

"నా మీద ఎందుకొట్టు? మీ మీద వేసుకోండి."

"నేను ముసలిదాన్ని, నా మీదేస్తే ఎవరు నమ్ముతారు?"

నమ్మలేదు. ఉప్పు డబ్బా ఎత్తుకెళ్లి ల్యాబులో తన అలమారలో పెట్టుకుంది. అక్కడి రూలు ప్రకారం దాని మీద "ఇది తినడానికి కాదు" అని చీటీ అంటించింది కూడా. అత్తగారు ఆ సాయంత్రం గోడ దగ్గర పిన్నిగారితో, "ఉప్పు దొంగని చేసిందమ్మా నన్ను. నా ఇంట్లో నన్ను!" అని కళ్లొత్తుకున్నారు. పిన్నిగారు ఓదార్చి, బీపీకి మంచిదని ఓ ఆకు ఇచ్చింది. ఆ ఆకుని కోడలు చెత్తబుట్టలో వేసింది.

ఈ గొడవ మధ్యన డ్రైవరుగారు మూల కూర్చుని పుల్ల నములుతున్నాడు. చప్పిడి తిండి నోటికి ఎక్కదాయె. తిన్నాక నోరు బాగుచేసుకోడానికి ఓ పుల్ల, అది చాలక ఇంకో పుల్ల. వాటిలో ఉన్న తీపి తప్ప ఆయన బతుకులో వేరే రుచి మిగల్లేదు. ఆ మాట ఆయన అన్నాడు కూడా. "పాపం, నమలనీ" అనుకుని ఆవిడ పొట్లం కాస్త పెద్దది కట్టించడం మొదలుపెట్టింది.

ఇలా ఉండగా ల్యాబులో మళ్లీ సందర్శకుల రోజు వచ్చింది. సిబ్బంది తమ ఇంట్లోవాళ్లని కూడా తీసుకురావచ్చన్నారు. అత్తగారు పట్టుచీర తీశారు. ల్యాబు మీద ప్రేమతో కాదు, ఉప్పు డబ్బాని ఓసారి కళ్లారా చూసుకుందామని. డ్రైవరుగారికి ఆ రోజు సెలవు. కిటికీ వెనక కూర్చునేకన్నా ఎక్కడైనా నయమేనని ఆయనా బయల్దేరాడు.

సందర్శకులకి పరిచయ ప్రసంగం ఏళ్లుగా ఆవిడదే. పెద్దసారు ఎప్పుడో రాసిచ్చింది. ఆయన ఆ ల్యాబుకి పెద్ద, మహా నెమ్మదస్తుడు, మాట్లాడమంటే మాత్రం చెమటలు పడతాయి. ఆవిడ దాన్ని బట్టీపట్టేసింది. ఎంత బాగా బట్టీపట్టిందంటే, నోరు ప్రసంగం చెబుతుంటే బుర్ర ఇంటికెళ్లి, పొయ్యి ఆర్పానా లేదా అని చూసుకుని వస్తుంది. ఆ రోజూ అంతే. నోరు ఇక్కడుంది. బుర్ర మాత్రం వచ్చే వారం మొగుడి వైద్య పరీక్ష చుట్టూ తిరుగుతోంది. ఉప్పు తీశాను, కాఫీ తీశాను, వార్తలు తీశాను. ఇంకేం తియ్యాలి? దిండు మార్చనా?

"మొక్కలు మన కోసం పుట్టలేదండీ" అంటోంది నోరు. "పురుగు తినకుండా, పశువు మెయ్యకుండా తమని తాము కాపాడుకోడానికి అవి రకరకాల పదార్థాలు తయారుచేసుకుంటాయి. వాటిలో కొన్ని మన ఎంజైముల్ని ఆపుతాయి. ఆపాల్సినదాన్ని ఆపితే అది మందు. ఆపకూడనిదాన్ని ఆపితే జబ్బు. మొక్కే కదా, ఏం చేస్తుందిలే అనుకోకూడదు. ఉదాహరణకి, ఇదిగో ఈ పళ్లెంలో ఉన్నది మీ అందరికీ తెలిసిన అతిమధురం."

పుల్లల పళ్లెం వరసల వెంట చేతులు మారుతూ వెళుతోంది.

"ఒక ముక్క రుచి చూడండి, పర్వాలేదు. రోజూ అదేపనిగా నమిలితే మాత్రం ఇందులోని తియ్యటి పదార్థం మూత్రపిండాల్లో ఒక ఎంజైముని ఆపేస్తుంది. ఆ ఎంజైము అక్కడ కాపలా మనిషి లాంటిది. ఒంట్లో తిరిగే ఒక హార్మోన్ని లోపలికి రానివ్వకుండా పంపేస్తుంటుంది. కాపలా పోతే ఆ హార్మోను లోపల జొరబడి, ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వదు, పొటాషియాన్ని మాత్రం బయటికి గెంటేస్తుంది. దాంతో పాదాలు వాస్తాయి, కండరాలు పట్టేస్తాయి, మెట్లెక్కితే కాళ్లు లాగేస్తాయి, రక్తపోటు..."

నోరు ఆగిపోయింది. బుర్ర అప్పుడే ఇంటి నుంచి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

చివరి వరసలో డ్రైవరుగారు వాచిన పాదాలు ముందు కుర్చీ కాలికి ఆనించి, చెప్పుల పట్టీలు వదులు చేసుకుని కూర్చున్నాడు. నోట్లో ఓ పుల్ల. పళ్లెం ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన దాన్లోంచి ఓ గుప్పెడు తీసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆవిడ మొహంలో రంగు లేదు.

"ఆగావేం అమ్మాయ్?" అన్నారు అత్తగారు ముందు వరసలోంచి, గదంతా వినిపించేలా. "రక్తపోటు ఏమవుతుందట?"

ఆవిడ నోరు తెరిచింది. మర్చిపోయిందేమోనని పెద్దసారు లేచి, జాలిగా, "పెరుగుతుందండీ" అని అందించాడు.

"ఓహో" అన్నారు అత్తగారు. మెల్లిగా వెనక్కి తిరిగి కొడుకు వంక చూశారు. కొడుకు నోట్లోని పుల్ల వంక చూశారు. మళ్లీ కోడలి వంక చూశారు. "పెరుగుతుందిట" అన్నారు.

తర్వాత జరిగింది పెద్దగా లేదు. ఆవిడ వేదిక దిగి, వరసల మధ్య నుంచి పరుగులాంటి నడకతో వెళ్లి, అందరూ చూస్తుండగా మొగుడి దవడ కింద చెయ్యి పెట్టి, "ఉమ్మండి" అంది. ఆయన బిత్తరపోయి ఉమ్మేశాడు. "జేబులోవి కూడా." అవీ ఇచ్చేశాడు. ఇది కూడా ప్రదర్శనలో భాగమేననుకుని సందర్శకులు చప్పట్లు కొట్టారు.

ఇంటికెళ్లే దారిలో అత్తగారు ఉప్పు డబ్బాని బిడ్డని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తిడితే బాగుండునని కోడలికి ఉంది. తిడితే ఎదురు తిట్టొచ్చు, కనీసం ఏడవొచ్చు. అత్తగారు తిట్టలేదు. ఇంటికి రాగానే ఓ గుడ్డు ఉడకబెట్టుకుని, దాని మీద ఉప్పు జల్లుకుని, కోడలి ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకుని తిన్నారు. అంత నెమ్మదిగా ఎవరైనా గుడ్డు తినగలరని కోడలు ఎన్నడూ అనుకోలేదు.

"అయితే నువ్వే తెచ్చిచ్చావన్న మాట" అన్నాడు డ్రైవరుగారు చివరికి.

"అవునండీ."

"పొట్లం పెద్దది కూడా కట్టించావు."

"అన్నం సహించట్లేదంటిరి కదా అని..."

"ఆ ప్రసంగం ఎన్నేళ్ల నుంచి చెబుతున్నావ్?"

ఆవిడ లేచి, ఇంట్లో మిగిలిన పొట్లం తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది.

అసలు చిక్కు వేరే ఉంది. పుల్ల మానేసినా దాని ప్రభావం వెంటనే పోదు, వారాలు పట్టొచ్చని పెద్దసారు చెప్పాడు. పరీక్ష చూస్తే వచ్చే వారమే. ఈలోగా తగ్గకపోతే కిటికీ ఖాయం. గడువు కావాలంటే డిపో డాక్టర్నే అడగాలి. ఎవరు అడగాలి? ఇంకెవరు, తనే.

డిపో డాక్టరు గది ముందు పెద్ద వరస. ఆయన పొద్దున్నుంచీ మాట్లాడి మాట్లాడి విసిగి ఉన్నాడు. ఆవిడ లోపలికెళ్లి, "మా ఆయన బీపీకి కారణం దొరికిందండీ. ఒక వేరు" అంది.

డాక్టరు కలం కింద పెట్టి, నుదురు రుద్దుకున్నాడు.

"అమ్మా, పొద్దున్నుంచీ నా దగ్గరికి ఎంతమంది వచ్చారో తెలుసా? ఒకాయనకి ఆకుతో కీళ్లు తగ్గాయిట. ఒకావిడకి కాయతో చూపొచ్చిందిట. ఇప్పుడు మీరు. అందరికీ ఏదో ఒక చెట్టు. నేను మాత్రం మాత్రలు పట్టుకుని వెర్రివాడిలా కూర్చున్నాను."

ఆ గొంతు ఆవిడకి బాగా తెలుసు. రోజూ గోడ దగ్గర పిన్నిగారితో తను మాట్లాడే గొంతే. అవతలి వైపున నిలబడి వింటే ఎలా ఉంటుందో ఆవిడకి ఇప్పుడే తెలిసింది. ఏమంత బాగాలేదు.

"నేను ల్యాబులో పనిచేస్తానండీ" అని ఎంజైము సంగతి, కాపలా మనిషి సంగతి గబగబా చెప్పుకొచ్చింది. డాక్టరు సగం విన్నాడు.

"చదివినట్టే గుర్తమ్మా. కాదనను. కానీ అరుదు. ఉప్పు ఎక్కువ తినడం మాత్రం అరుదు కాదు. మీ ఇంట్లో ఉప్పు కాదు, ఆ వేరేనని మీకెలా తెలుసు? సాక్ష్యం ఏది?"

"సాక్షి ఉందండీ" అంది ఆవిడ. "బయట కూర్చుంది. పిలవనా?"

అత్తగారు పట్టుచీరలోనే వచ్చారు. డాక్టరు చూపించిన కుర్చీలో కుదురుగా కూర్చున్నారు.

"నేను సాక్షి గుంటనండీ" అన్నారు.

డాక్టరు కోడలి వంక చూశాడు.

"మా వాడూ నేనూ ఒకే ఇంట్లో ఉంటాం" అంటూ అత్తగారే అందుకున్నారు. "ఈ మహాతల్లి మా ఇద్దరికీ ఒకే గిన్నెలో గడ్డి వండి పెట్టింది. కాఫీ నాకూ లేదు, వాడికీ లేదు. వార్తలు ఇద్దరికీ లేవు. పొద్దున్నే ఇద్దరికీ ఆ పట్టీ చుట్టి నొక్కేది. నాకు బీపీ దిగిపోయి కళ్లు తిరిగాయి. వాడికేమో మిషను బద్దలయ్యేంత వచ్చింది. వాడు నమిలి నేను నమలనిది ఆ పుల్ల ఒక్కటే. నాకూ ఇచ్చాడు, నమలలేకపోయాను."

"ఎందుకని?"

అత్తగారు నోరు తెరిచి చూపించారు. నమలడానికి లోపల పెద్దగా ఏం లేదు.

డాక్టరు నవ్వాడు. ముందు ముక్కులోంచి, ఆ తర్వాత కుర్చీ ఊగేలా. నవ్వి, కళ్లు తుడుచుకుని, "పిలవండి మీ ఆయన్ని, రక్తం తీయిద్దాం" అన్నాడు. పొటాషియం బాగా పడిపోయి ఉంది. అది చూశాక ఆయన నవ్వు ఆగింది. "నీరు తీసే మాత్ర ఇచ్చి నేనూ దీన్ని ఇంకాస్త కిందికి తోసినట్టున్నాను" అని ఆ మాత్ర కొట్టేసి, పొటాషియం ఇచ్చి, పుల్ల ముట్టుకోవద్దని చెప్పి, పరీక్షని కొన్ని వారాలు వాయిదా వేశాడు.

ఆ వారాలు ఎలా గడిచాయో ఆ ఇంటి గోడలకి తెలుసు. సిగరెట్టు లేదు, పుల్ల లేదు. డ్రైవరుగారు మళ్లీ పెన్ను మూతలకి వచ్చాడు. "ఓ దమ్ము లాగితే చచ్చిపోతానా?" అని రోజూ అడిగేవాడు. "చావరు, నేను చంపుతాను" అని ఆవిడ రోజూ చెప్పేది. ఆయన మీద చిరాకు, తన మీద తనకి ఇంకా చిరాకు. పొద్దున్నే పట్టీ చుట్టేటప్పుడు మొగుడు కిటికీలోంచి బయటికి చూసేవాడు. అత్తగారు మాత్రం అడక్కుండానే పక్కన కూర్చుని తన చెయ్యి కూడా చాపేవారు.

"మీకక్కర్లేదు అత్తయ్యా ఇంక."

"అదెలాగే? సాక్షి లేకుండా లెక్క తేలుతుందా?"

పాదాల వాపు ముందు తగ్గింది. చెప్పుల పట్టీలు మళ్లీ బిగిశాయి. కాళ్లు లాగడం పోయింది. మిషనులో అంకె మాత్రం దిగనా వద్దా అన్నట్టు ఒక రోజు దిగి, మర్నాడు ఎక్కి, ఆవిడ ప్రాణం తోడేసింది. చివరికి దిగింది. దిగి అక్కడే నిలబడింది. డిపో డాక్టరు పట్టీ చుట్టి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూసి, సంతకం పెట్టాడు. కుర్రడ్రైవరు ఈల మానేసి తాళాలు తెచ్చిచ్చాడు.

మొదటి రోజు బస్సులో ఆవిడా అత్తగారూ కూడా ఎక్కారు, పనేం లేకపోయినా. ముందు సీట్లో కూర్చున్నారు. బస్సు మొదటి మలుపు తిరిగింది. వెనకెవరో గుర్రు పెడుతున్నారు. డ్రైవరుగారి వీపు ఆ సీట్లో ఎలా ఉండాలో అలా ఉంది. అది చూస్తూ చూస్తూ ఆవిడకి కళ్లు చెమర్చాయి. కొంగుతో ఒత్తుకుని మళ్లీ చూసింది. అద్దంలో మొగుడి మొహం కనబడింది. మూతి కదులుతోంది. పెదవుల మధ్య సన్నగా ఏదో ఉంది.

"ఏమండీ!" అని అరిచిన అరుపుకి గుర్రు ఆగిపోయింది. "ఏంటది నోట్లో? ఏ చెట్టుది?"

బస్సంతా ముందుకి వంగింది. డ్రైవరుగారు చూపు రోడ్డు మీంచి తిప్పకుండా, ఓ చెయ్యి మాత్రం వెనక్కి చాచి, నోట్లోది తీసి చూపించాడు.

"పెన్ను మూత తల్లీ" అన్నాడు. "ప్లాస్టిక్కు."

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వాసన చూసి తిరిగిచ్చింది.

"మింగకండి" అంది.